మా మేనత్త ముగియనివ్వని యుద్ధం

మా మేనత్త నన్ను బడికి పోనివ్వలేదు. మా నాయన కాదు, పేదరికం కాదు, మేనత్తే. నాయన పలక కొనుక్కొచ్చిన రోజున దాన్ని పొయ్యి రాయికేసి కొట్టి రెండు ముక్కలు చేసింది. అసలు ఎందుకో నాకు అరవై ఏళ్లు తెలియలేదు. పోయిన ఏడాది మూడు రోజుల్లో తెలిసింది. ఆ మూడు రోజుల గురించే ఇది రాస్తున్నాను.

గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. మా అమ్మ తమ్ముణ్ణి కన్న రెండేళ్లకే పోయింది. మమ్మల్నిద్దర్నీ పెంచింది నాయనకు అక్క అయిన ఈ మేనత్త. ఆమె మగడు, అంటే మా మామ, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా ఇల్లు విడిచి వెళ్లాడు. నూలు దొరక్క మగ్గాలన్నీ ఊరకే పడి ఉన్న కాలం అది. కర్నూలు దాకా పోయి, పటాలానికి రోడ్లు వేసే కూలీల్లో పేరు రాయించుకున్నాడు. అస్సాం దాటించి బర్మా అడవుల వైపు తోలుకుపోయారట. ఒక్క కార్డు వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. అప్పటికి అత్తకు పద్నాలుగేళ్లు.

ఆమె మెట్టెలు తీయలేదు, బొట్టు తీయలేదు. ఇల్లు విడిచి వెళ్లిన మనిషి జాడ లేకుంటే పన్నెండేళ్లు చూసి, దర్భతో బొమ్మ చేసి దాన్ని దహనం చేసి, కర్మ కానిచ్చేస్తారు. ఆ రోజుతో భార్య విధవ. మా తాత బతికుండగానే కులపెద్దలు వచ్చి ఆ మాట ఎత్తారట. అత్త వాళ్ల మధ్యకు వచ్చి నిలబడి, "లడాయి అయిపోయిందని ఎవరు చూసిండ్రు? నోటి మాట నేను నమ్మ. నా చేతుల పెరిగిన మనిషి అచ్చుల ఉన్నది చదివి నా చెవుల ఎయ్యాలె. అప్పుడు తీస్త" అన్నది. ఆమె చేతుల్లో పెరిగింది మేమిద్దరమే. నా పలక పగిలింది. తమ్ముణ్ణి ఎనిమిదేళ్లకే అచ్చంపేటలో బట్టల దుకాణంలో పనికి పెట్టింది. వాడికి ఇప్పటికీ సంతకం తప్ప అక్షరం రాదు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మగ్గం మీద చీరలు అయిపోయాక పాత పడుగు, అంటే నిలువు పోగుల, చివర్లకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేళ్లకు బూడిద రాసుకుని రోజంతా కూర్చుని చేసే పని. మా ఇళ్లలో పెళ్లి చీర పడుగైతే తొలి పోగు ముత్తైదువే అతకాలి. విధవ చేయి దాని మీద పడకూడదు. ఆ పనిలో మా అత్త చేతిని మించిన చేయి గద్వాలలో లేదు. వనపర్తి నుంచి, తిమ్మాజిపేట నుంచి పెళ్లివారు వచ్చి, ఆమె చేతి పోగే కావాలని అడిగి పోయేవారు.

నాకు ఆమే నేర్పింది. ముప్పై ఎనిమిదేళ్లకు నా మగడు పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చాను. పదమూడో నాడు అలవాటుగా ఒక పెళ్లి చీర పడుగు ముందు కూర్చున్నాను. అత్త వచ్చి నా భుజం మీద చేయి వేసి, "లెవ్వు బిడ్డా" అన్నది. లేచాను. నేను కూర్చున్న పీట మీద ఆమె కూర్చుంది. ఆ తర్వాత నేను మామూలు చీరలకు నూలు కండెలు చుట్టడం తప్ప పెళ్లి చీరను ముట్టలేదు.

యాభై రెండేళ్లకు చదువు నేర్చుకున్నాను. పెద్దవాళ్లకు అక్షరాలు చెబుతామని చేనేత సంఘం గదిలో ఒక టీచరమ్మ కూర్చుంటే పోయాను. అత్త నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె పెట్టిన షరతు నాకు గుర్తుంది. అయినా నేను యుద్ధం మాట ఎత్తలేదు. ఆమె బొట్టు తుడిపించడానికా నేను అక్షరాలు నేర్చుకుంది? పోయిన ఏడాది, డెబ్బై దగ్గర పడుతుండగా, ప్రైవేటుగా పదో తరగతి కట్టాను. సాంఘిక శాస్త్రం పుస్తకం ఇంటికి వచ్చింది. అత్తకు అప్పటికి తొంభై అయిదో ఆరో. సరిగ్గా అప్పుడే ఆమె మంచం పట్టింది. దవాఖానలో నాలుగు రోజులు ఉంచుకుని, ఇంటికి తీసుకుపోయి కావలసింది పెట్టండి అన్నారు.

అచ్చంపేట నుంచి తమ్ముడు వచ్చాడు. మంగళవారం పొద్దున. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

"అక్కా, గురువారం అమాస. పంతులుకు చెప్పి వచ్చిన. మామకు కర్మ చేసేద్దాం. అత్త పోయేలోపల గావాలె."

"ఇన్నేండ్లు ఏం జేసినవ్?"

"ఇన్నేండ్లు ఆమె బతుకుతదనుకున్న. ఇప్పుడు ఇట్లనే పోతే? బొట్టుతోని పంపితే ఆయన సంగతేంది? ఎనభై ఏండ్ల సంది ఆయనకు చుక్క నీళ్లు ఇచ్చినోడు లేడు. నాకు కలలొస్తున్నయ్."

"నీకు షుగరు పెరిగింది. అందుకే వస్తున్నయ్."

"పరాచికాలొద్దు. నీకు చదువొచ్చు. పుస్తకం ఉంది. ఆమె మాట ఆమెకు చెల్లగొట్టు."

మేం గుసగుసలాడుతున్నాం అనుకున్నాం. మంచం మీది నుంచి అత్త గొంతు వచ్చింది. "చదవమనురా. నేనేమన్న అడ్డమొచ్చిన్నా?"

తమ్ముడిది తప్పని నేను అనలేదు. ఎక్కడో మట్టిలో కలిసిన మనిషికి ఒక పిండం పెట్టేవాడు ఉండాలి. కానీ నేను చదివితే, పంతులు వస్తే, గురువారం పగలు ఈ ముసలమ్మ గాజులు పగలగొడతారు. పోయే ముందు నాలుగు రోజుల కోసం. పైగా జనం ఊరుకోరు. మగడు ఎనభై ఏళ్ల కిందటే పోతే ఈమె అతికిన పోగులన్నీ ఎవరి చేతివి అని లెక్క తీస్తారు.

ఆ మధ్యాహ్నం మగ్గం పక్కన ఆమె మంచం దగ్గర కూర్చుని పుస్తకం తెరిచాను. తమ్ముడు గడప మీద కూర్చున్నాడు. యుద్ధానికి కారణాలు అని పైన రాసి ఉంది. నేను వేలు పెట్టుకుని చదువుతాను, ఇప్పటికీ. అంతకుముందు ఒక పెద్ద యుద్ధం అయింది, జర్మనీ ఓడింది, గెలిచినవాళ్లు దానితో ఒక ఒప్పందం రాయించుకున్నారు, తప్పంతా నీదే అన్నారు, భూములు కోసుకున్నారు, నష్టం కట్టమన్నారు. ఆ అవమానం అక్కడి జనం కడుపులో ఉండిపోయింది. తర్వాత లోకమంతా పనులు పోయాయి, తిండి పోయింది. అప్పుడు ఒక నాయకుడు లేచి, మీ కష్టానికి ఫలానా వాళ్లే కారణం అని అరిచాడు. జనం నమ్మారు. పక్క దేశాలను ఒక్కొక్కటే మింగుతుంటే పెద్ద దేశాలు, ఇంతటితో ఆగుతాడులే అని చూస్తూ కూర్చున్నాయి. 1939లో పోలండు మీద పడ్డాడు. అప్పుడు బ్రిటను, ఫ్రాన్సు యుద్ధం ప్రకటించాయి.

"మనం యాడుంటిమి అండ్ల?" అన్నది అత్త.

"మనల్ని గూడ కలిపిండ్రు. మనోళ్లను అడగకుండనే తెల్లదొర ప్రకటించిండని రాసిండ్రు."

"గది నిజమే. ఎవ్వరు అడగలే." కళ్లు మూసుకుంది. "రంగు డబ్బా గురించి రాసిండ్రా?"

"ఏం రంగు?"

"ఎర్ర రంగు జర్మనీ నుంచొచ్చేది. డబ్బా మీద బొమ్మ ఉంటుండె. ఒక యేడు రాలే. మా నాయన ఉన్న డబ్బాల నీళ్లు పోసి పోసి కలిపితె చీరలన్ని ఎలిసిపోయిన ఇటుకోలె అయినయ్. లడాయి అంటె మాకు ముందుగాల గదే. అటెన్క నూలు రాలే. అటెన్క మీ మామ పోయిండు."

తమ్ముడికి ఓపిక అయిపోయింది. "అక్కా, ఇదంత ఎందుకు? చివర్ల ఒక్క లైను ఉంటది గదా. అది చదువు, ఐపోతది."

"నీ దుకాణంల చీర మొత్తం ఇప్పకుండ అంచు చూపిచ్చి అమ్ముతవారా?" అన్నది అత్త. "మొత్తం చదవనీ. నాది గదా సావు, నీకేం తొందర?"

తమ్ముడు బీడీ తీసుకుని బయటికి పోయాడు.

రెండో రోజు బుధవారం. యుద్ధంలో మలుపులు అని ఉన్న భాగం. ఆ పేజీలు నేను ముందే ఒకసారి లోలోపల చదువుకున్నాను. గొంతు తడబడకూడదని. జర్మనీ వాళ్లు స్నేహంగా ఉన్న రష్యా మీదికే మళ్లారు. చలికి చిక్కారు. స్టాలిన్‌గ్రాడ్ అనే ఊళ్లో ఇల్లు ఇల్లుకూ కొట్లాడి, చివరికి వాళ్ల సేనలో ఒక పెద్ద భాగమే లొంగిపోయింది. అక్కడి నుంచి వెనకడుగే. ఇటు జపాన్ వాళ్లు అమెరికా ఓడల రేవు మీద బాంబులు వేశారు. దాంతో అమెరికా కూడా దిగింది. జపాన్ సింగపూర్‌ను పట్టుకుంది, రంగూన్‌ను పట్టుకుంది. బర్మా మొత్తం పోయింది. అక్కడి నుంచి బియ్యం రావడం ఆగింది. జపాన్ సేన కొండలు దాటి ఇంఫాల్ దాకా, కొహిమా దాకా వచ్చింది. అక్కడ ఆగి, వానల్లో, జ్వరాల్లో, తిండి లేక వెనక్కి తిరిగింది.

"ఆపు" అన్నది అత్త.

ఆపాను. ఆమె నా వైపు చూడలేదు. గడప వైపు చూసింది. "ఒరేయ్, నాకు నోరు ఎండుకపోతుంది. సోడా తెచ్చిపెట్టు పో. చల్లగుండాలె."

తమ్ముడు మా ఇద్దరి మొహాలూ చూసి లేచి పోయాడు. చెప్పుల చప్పుడు సందు చివరి దాకా పోనిచ్చింది.

"ఆయన గాడనే పోయిండు" అన్నది.

నాకు మొదట అర్థం కాలేదు. ఏదో ఊహించి అంటోందనుకున్నాను.

"నాకు తెల్సు. లడాయి అయినంక రెండేండ్లకు శ్రీరంగాపూర్ ఉత్సవానికి పోయిన, ఆడోళ్లతోని. వనపర్తి దిక్కు మనిషి ఒకడు, కాలు కుంటుతుండు, గద్వాలోళ్లు యాడని అడుక్కుంట వచ్చి నన్ను ఆపిండు. మీ మామ పేరు చెప్పి, నువ్వు ఆయన పెండ్లామే గదా అన్నడు. ఇద్దరు ఒక్క డేరల పండేటోళ్లంట. వానకాలమంట. జరమొచ్చిందంట. తొవ్వ పక్కన్నే పూడ్చిపెట్టి, తెల్లారి మల్ల రోడ్డు పనికి పోయిండ్రంట."

"ఎవ్వరికి చెప్పలేదా?"

"ఇంటికొచ్చిన. తెల్లారి లేస్తె పెండ్లి చీర పడుగు సిద్ధంగ ఉండె. మా నాయన రమ్మన్నడు. పోయి కూసున్న. బూడిద రాసుకున్న. తొలి పోగు ఏసిన."

పుస్తకం నా ఒళ్లోంచి జారింది. తీయలేదు. నాకు కనబడింది ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల కాదు. నేను కూర్చున్న పీట.

"నన్ను లేపినవ్" అన్నాను.

ఆమె దుప్పటి అంచు సర్దుకుంది.

"పదమూడో నాడు నన్ను లేపి నువ్వు కూసున్నవ్. నీ మొగడు పోయి అప్పటికే నలభై ఏండ్లు దాటె. నా మొగడు పోయి పదమూడు దినాలు. ఎవరు లెవ్వాలె అత్తా? చెప్పు, ఎవరు లెవ్వాలె?"

"అరువకు. వాడొస్తడు."

"రానీ."

"నీ మొగుని పీనుగను ఊరంత చూసింది పిల్లా. నా మొగుని ఎవ్వరు చూడలే. నిన్ను కూసోబెడితె రేపటి నుంచి మన గడప ఎవడు తొక్కుతడు? నిన్ను లేపినరోజు నేను అన్నం తినలే. నువ్వు చూడలే."

"చూడలే. ఏడుస్తున్న."

"ఏడుస్తున్నవ్."

"మరి బడి? పలక ఎందుకు పలగ్గొట్టినవ్?"

"ఆయన పోయినట్టు కాయితమొస్తె చదువుతవ్. చదివినదాన్ని నోట్లె ఎన్నిదినాలు పెట్టుకుంటవ్? నీ నోరు నాకు తెల్వదా?" అని, కొంచెం ఆగి, "ఆ పలక ముక్కలు నేనే ఏరిన. చెయ్యి తెగింది" అన్నది. కుడి బొటనవేలు పక్కన ఒక తెల్లని గీత ఉండేది ఆమెకు. మగ్గం దెబ్బ అనుకునేదాన్ని.

నేను ఆమెను క్షమించానని రాస్తే మీకు బాగుంటుంది. అప్పుడు నాకు అలాంటిదేమీ రాలేదు. చెంప మీద కొట్టాలని ఉంది. తొంభై అయిదేళ్ల మనిషిని. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"రేపు చివరిదాక చదువు" అన్నది. "మాట ఇచ్చిన గదా. ఆయనకు నీళ్లు ఇయ్యాలె, అది నా మీదున్నది, నాకు తెల్సు. గాని..." తన చేతి గాజుల వైపు చూసుకుంది. "నా చేతి పోగు కట్టుకొని ఎంతమంది పిల్లలు పోయిండ్రో. వాళ్లు ఏమనుకుంటరు? నువ్వే చెప్పు ఏం జెయ్యాల్నో. నీకు చదువొచ్చు."

తమ్ముడు సోడా తెచ్చాడు. నేను లేచి పోయాను. ఆ రోజంతా ఆమెకు నీళ్లు కూడా నా చేత్తో ఇవ్వలేదు. తమ్ముడే ఇచ్చాడు.

గురువారం పొద్దున పదకొండింటికి పంతులు వస్తానన్నాడు. ఎనిమిదిన్నరకు తమ్ముడు స్నానం చేసి, పంచె కట్టుకుని, దర్భ కట్ట తెచ్చి అరుగు మీద పెట్టాడు. గాజులు తీయడానికి పక్కింటి ఆవిడకు చెప్పి ఉంచానన్నాడు. అత్త గోడకు ఆనుకుని కూర్చుంటానంది. కూర్చోబెట్టాం. ఆ పొద్దున బొట్టు పెద్దదిగా పెట్టుకుంది. అది ఒక వైపు కాస్త కిందికి జారింది.

నేను చదివాను. అబద్ధం చదవొచ్చు. అడ్డుకునేవాడు లేడు, ఆ ఇంట్లో అక్షరం వచ్చింది నాకొక్కదానికే. ఇంకా యుద్ధం నడుస్తోంది అని చదివితే తమ్ముడు ఏం చేస్తాడు? కానీ యాభై రెండేళ్లకు నేర్చుకున్న అక్షరాన్ని అబద్ధానికి వాడే ఓపిక నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. 1944లో మిత్రదేశాల సేనలు సముద్రం దాటి ఫ్రాన్సులో దిగాయి. అటు నుంచి రష్యా, ఇటు నుంచి వీళ్లు. 1945 మే నెలలో జర్మనీ లొంగిపోయింది. ఆగస్టులో అమెరికా జపాన్‌లోని రెండు ఊళ్ల మీద అణుబాంబులు వేసింది. హిరోషిమా, నాగసాకి. ఇళ్లు, మనుషులు, అందరూ. జపాన్ లొంగిపోయింది. దాంతో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది.

పుస్తకం మూశాను.

"విన్న" అన్నది అత్త. అని, మెట్టెలు తీయడానికి కాలి వైపు వంగబోయింది. చేయి మోకాలి దాకా కూడా పోలేదు. తమ్ముడు లేచాడు. "ఆగు అత్తా, పక్కింటామెను పిలుస్త."

"ఆగరా" అన్నాను.

"ఇంకేంది?"

"మామ పోయిండని ఈ పుస్తకంల యాడుంది?"

"నాకేం తెల్సు? నాకు చదువొస్తదా?"

"రాదు గదా. నాకొస్తది. లేదు. లడాయి అయిపోయిందని ఉంది. ఎవరెవరు లొంగిండ్రో ఉంది. రోడ్లేసినోళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఉన్నరని లేదు, పోయిండ్రని లేదు."

"అక్కా, నువ్వు వకీలు లెక్క మాట్లాడకు. ఆయనకు కర్మ వద్దంటవా?"

"వద్దంటలే. చేద్దాం. తప్పకుండ చేద్దాం. ఆమె పోయినంక చేద్దాం."

"అమాస ఇయ్యాల ఉంది."

"నెలకొక అమాస వస్తదిరా."

తమ్ముడు నన్ను చూశాడు, అత్తను చూశాడు. "ఆమె మాట ఇచ్చింది" అన్నాడు, గొంతు తగ్గించి. "పెద్దలముందు ఇచ్చింది."

"ఆ పెద్దల్ల ఒక్కడన్న బతికున్నడా?"

గోడకు ఆనుకున్న అత్త నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. దగ్గనుకుని లేచాం. నవ్వు.

తమ్ముడు చాలాసేపు అరుగు మీద దర్భ కట్ట పక్కన కూర్చున్నాడు. పదిన్నరకు ఫోను తీసి, "పంతులుగారు, ఇయ్యాల గాదు" అన్నాడు. ఎందుకని అడిగినట్టున్నాడు అవతల. "మా అక్కను అడుగుండ్రి, నాకు తెల్వదు" అని పెట్టేశాడు.

ఆ గురువారానికి తొమ్మిదో రోజు మధ్యాహ్నం, నేను పక్కన కండె చుడుతుండగా, ఆమె పోయింది. వీధిలో ఆడవాళ్లు పసుపు, కుంకుమ, కొత్త చీర పట్టుకుని వచ్చారు. ముత్తైదువలు చేసే పని అది. నాలాంటిది గోడ పక్కన నిలబడి చూడాలి. ముప్పై ఏళ్లుగా అలాగే నిలబడ్డాను, ఎన్ని ఇళ్లలోనో. ఆ రోజు పోయి కుంకుమ గిన్నె తీసుకున్నాను.

"అక్కా, నువ్వా?" అన్నది పక్కింటి ఆవిడ.

"నేనే."

ఆవిడ పక్కకు జరిగింది. అత్త నొసటి మీద గుండ్రంగా, నిండుగా, ఎక్కడా జారకుండా పెట్టాను. అప్పుడే ఏడుపు వచ్చింది. కోపంతోనో దేనితోనో నాకు తెలియదు.

తర్వాతి అమావాస్యకు బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున తమ్ముడు మామకు కర్మ చేశాడు. దర్భ బొమ్మ చిన్నది, మూరెడు కూడా లేదు. చాలా తొందరగా కాలిపోయింది. తడి బట్టలతో మెట్ల మీద కూర్చున్నాడు. మొహం తేలికగా ఉంది. ఇక చెప్పొచ్చనిపించింది. శ్రీరంగాపూర్ సంగతి, కుంటి మనిషి సంగతి, తెల్లారి వేసిన తొలి పోగు సంగతి మొత్తం చెప్పాను.

తడి పంచె అంచు పిండుకుంటూ విన్నాడు. అరుస్తాడనుకున్నాను.

"అక్కా" అన్నాడు. "మా ఆమె పెండ్లి చీర..."

"అత్త చేతిదే."

"తొలి పోగు గూడ?"

"తొలి పోగే."

వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. నలభై నాలుగేళ్ల కాపురం. ముగ్గురు పిల్లలు. వారానికి రెండు కొట్లాటలు, అవి అన్ని ఇళ్లలోనూ ఉండేవే.

"ఆమెకు చెప్పకు" అన్నాడు.

నేను నోటితో చెప్పలేదు. కానీ మా మరదలికి చదవడం వచ్చు.